కారులో ఏ మ్యాట్లు వేయాలి? కడిగే ఓపికను బట్టి తేల్చుకోండి

యాక్సెసరీస్ షాపులో ముందు కారు మోడల్ అడుగుతారు, వెంటనే రంగులు చూపిస్తారు. నలుపు మీద ఎర్ర కుట్టు బాగుందా, గోధుమ రంగు బాగుందా అన్న దగ్గరే బేరం తెగిపోతుంది. ఆ మ్యాటు ముసురు పట్టిన రోజుల్లో ఎన్ని గంటలకు ఆరుతుంది, బయటికి తీయాలంటే సీటు కదపాలా, పిల్లలు పాలు ఒలకబోస్తే ఆ పాలు ఎక్కడికి పోతాయి లాంటి ప్రశ్నలు కొన్నాక మొదటి వానాకాలంలో గానీ గుర్తుకు రావు. అప్పటికి డబ్బు ఖర్చయిపోయి, కారులో వాసన మొదలై ఉంటుంది.

పైన కనిపించే మురికి కారు నేలకు పెద్దగా హాని చేయదు. మ్యాటు కింద నిలిచిన తడే చేస్తుంది. కంపెనీ వేసిన నేల కార్పెట్ కింద ఫెల్ట్ గానీ స్పాంజి గానీ ఉంటుంది, అది ఒకసారి నీళ్లు పీలిస్తే వారమైనా వదలదు. దాని కింద రేకు, తలుపుల గడప వెంబడి వైర్ల కట్టలు, కొన్ని మోడళ్లలో సీటు కింద కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. కాబట్టి రంగు కంటే, ధర కంటే ముందు చూడాల్సింది ఒకటే: ఈ మ్యాటును ఒంటి చేత్తో ఎత్తి కింద ఏముందో చూడగలమా?

ఎంపికకు కొలమానాలు ఏమిటి

తీయడం, వేయడం ఎంత తేలిక అన్నది మొదటిది. తీయడం కష్టమైతే ఎవరూ తీయరు. ఆరడానికి పట్టే సమయం రెండోది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టుకునేవాళ్లకు ఎండ దొరకదు, వాళ్లకు ఇదే అసలు కొలత. మూడోది, పడిన నీటిని మ్యాటు తనలో పీల్చుకుంటుందా, పళ్లెంలా పట్టి ఉంచుతుందా, కిందికి వదిలేస్తుందా అన్నది. నాలుగోది ఎండ. రోహిణి కార్తెలో అద్దాలు మూసి బయట నిలిపిన కారు లోపలి వేడికి నాసిరకం పీవీసీ మెత్తబడి వంకర్లు తిరుగుతుంది, వాసన కూడా కొడుతుంది.

ఐదోది పెడళ్లు. దీంట్లో మాత్రం రాజీ లేదు. మ్యాటు యాక్సిలరేటర్‌కు అడ్డం పడే ప్రమాదం ఉందని 2009లో అమెరికాలో టొయోటా సుమారు 38 లక్షల కార్లను రీకాల్ చేసింది. డ్రైవర్ వైపు నేల మీద కంపెనీ ఇచ్చిన హుక్కులో గానీ క్లిప్పులో గానీ మ్యాటు రంధ్రం సరిగ్గా కూర్చోవాలి. ఇంజిన్ ఆపి మూడు పెడళ్లనూ చివరిదాకా తొక్కి చూడండి. మ్యాటు అంచు తగలకూడదు. క్లచ్ కింద మందం పెరిగితే పెడల్ పూర్తిగా దిగదు, గేర్లు గట్టిగా పడతాయి. చాలామంది దాన్ని క్లచ్ సమస్య అనుకుని మెకానిక్ దగ్గరికి పరిగెడతారు. పాత మ్యాటు తీయకుండా దాని మీదే కొత్తది వేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

| రకం | తీయడం | ఎండలో ఆరడం | ముసురులో ఆరడం | నీళ్లు పడితే | ఎక్కువగా వచ్చే తంటా |
|---|---|---|---|---|---|
| సాదా రబ్బరు | చాలా తేలిక | అరగంట లోపు | గుడ్డతో తుడిస్తే వెంటనే | అంచు దాటి కారుతుంది | జారడం, గట్టిపడి పగలడం |
| టీపీఈ ట్రే | తేలిక | అరగంట లోపు | గుడ్డతో తుడిస్తే వెంటనే | పళ్లెంలా పట్టి ఉంచుతుంది | గీతలు, నిండిన నీళ్లు ఒలకడం |
| కార్పెట్ | చాలా తేలిక | 4 నుంచి 6 గంటలు | ఒకటి రెండు రోజులు | పీల్చుకుంటుంది | ముక్కిన వాసన, మరకలు |
| నూడిల్ | తేలిక | 1 నుంచి 2 గంటలు | సగం రోజు | కింద పొర లేకపోతే నేలకు దిగుతుంది | లోపల ఇసుక, చీమలు |
| 7డి లెదరెట్ | కష్టం | బయటికి తీస్తే ఒక రోజు | తేలిగ్గా ఆరదు | కుట్లలోంచి స్పాంజిలోకి | కింద కనబడని బూజు |

ఆరే సమయాలు సుమారు లెక్కలే. గాలి, మందం బట్టి మారతాయి.

సాదా రబ్బరు

అందం అడగకపోతే దీనికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. దులిపి, పైపుతో నీళ్లు కొట్టి, బకెట్ నీళ్లలో రెండు మూతల కార్ షాంపూ కలిపి గట్టి బ్రష్షుతో గాడుల వెంట రుద్దితే సరి. వెనక వైపు కూడా కడగాలి. అక్కడ పేరుకున్న సన్నటి ఇసుక కంపెనీ కార్పెట్‌ను గీకుతూ పోతుంది.

కడిగాక మెరుపు కోసం టైర్ పాలిష్ పూయడం వాటర్ సర్వీసింగ్ దగ్గర మామూలైపోయింది. వద్దని ముందే చెప్పండి. అందులోని సిలికాన్ వల్ల చెప్పు జారుతుంది, బ్రేక్ మీద ఉండాల్సిన కాలు పక్కకు పోతుంది. కొబ్బరినూనె పూసినా అంతే. పైగా నూనె తగిలిన సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. గ్రీజు మరకకు పెట్రోలో థిన్నరో వాడేవాళ్లూ ఉన్నారు. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు నేరుగా మరక మీద వేసి ఐదు నిమిషాలాగి రుద్దితే చాలు.

కొనేటప్పుడు మీ మోడల్‌కు కోసినదే తీసుకోండి. అన్ని కార్లకూ సరిపోతుందని అమ్మేది ఏ కారుకూ సరిగ్గా సరిపోదు, డ్రైవర్ వైపు ముందుకు జరుగుతూనే ఉంటుంది.

టీపీఈ ట్రే

టీపీఈ అంటే రబ్బరులా వంగే ఒక రకం ప్లాస్టిక్. అంచులు పైకి లేచి పళ్లెంలా ఉండే ఈ రకాన్ని కొందరు 3డి మ్యాట్లంటారు. రబ్బరు కంటే తేలిక, వాసన తక్కువ, వేడికి ఆకారం అంత త్వరగా చెడదు. అయితే 3డి అన్న పేరుతోనే పీవీసీవి, లెదరెట్‌వి (కృత్రిమ తోలువి) కూడా అమ్ముతారు, పదార్థం ఏమిటో అడిగి తేల్చుకోండి. డబ్బా తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే అది టీపీఈ కాదేమోనని అనుమానించాలి.

ఇందులో నిండిన నీళ్లను బయటికి తేవడంలోనే తెలివి ఉంది. ముందుగా పాత టవల్ వేసి నీళ్లు పీల్పించండి, తర్వాత పెడళ్ల వైపు అంచు ఎత్తి, నీళ్లు తలుపు వైపు చేరేలా వంచి బయటికి లాగండి. మధ్యలో పట్టుకుని ఎత్తితే మ్యాటు రెండుగా వంగి మొత్తం నేల మీదే పోస్తుంది. గట్టి బ్రష్షు, ఇనుప పీచు తగిలితే తెల్లటి గీతలు పడి అలాగే ఉండిపోతాయి. మెత్తటి బ్రష్షు చాలు. అంచు మడతపడి ఉంటే ఎండలో బల్లపరుపుగా పరిచి, మడత మీద బరువు పెట్టి రెండు గంటలు వదిలేయండి.

షికాగో, న్యూజెర్సీ వైపు మంచులో తిరిగే మనవాళ్లకు కూడా ఈ రకమే సరైనది. రోడ్డు మీద చల్లే ఉప్పు బూట్లతో లోపలికి వచ్చి కరిగాక ఆ ఉప్పు నీళ్లు రేకు దాకా వెళ్లకుండా ఇది ఆపుతుంది. మిగిలిన తెల్ల మరకలు గోరువెచ్చని నీళ్లు, తెల్ల వెనిగర్ సగం సగం కలిపి తుడిస్తే పోతాయి.

కార్పెట్

కంపెనీ ఇచ్చేవి ఎక్కువగా ఇవే. కాలికి హాయిగా ఉంటాయి, చప్పుడు తగ్గిస్తాయి, పెడళ్ల దగ్గర సన్నగా ఉంటాయి. మన వానాకాలానికి మాత్రం సరిపడవు. అందుకని పారేయనక్కర్లేదు: ఎండాకాలం, చలికాలం ఇవి, ఆరుద్ర వానలు మొదలవగానే రబ్బరో ట్రేనో అని మార్చుకునేవాళ్ల కార్పెట్లు ఏళ్ల తరబడి మన్నుతాయి.

తడి మట్టి అంటితే వెంటనే తుడవకండి. ముఖ్యంగా నల్లరేగడి. తడిగా రుద్దితే పోగుల మొదళ్లలోకి దిగిపోతుంది. పూర్తిగా ఎండనిస్తే అది కుంచించుకుని పెళ్లలుగా విడిపోతుంది, చేత్తో విరిచి, కర్రతో వెనక నుంచి కొట్టి, వాక్యూమ్ పెడితే ముప్పాతిక వంతు పని అయిపోతుంది. ఎర్రమట్టి వేరు. దాని రంగు ఇనుప ఆక్సైడ్‌ది, లేత రంగు కార్పెట్ మీద మరక పట్టేస్తుంది. దానికి బ్లీచ్ వాడితే మరక పోదు సరికదా, కార్పెట్ రంగే వెలుస్తుంది.

దులిపాక ఉతికే పద్ధతి ఇది. లీటరు గోరువెచ్చని నీటికి 10 మిల్లీలీటర్ల కార్ షాంపూ లేదా లిక్విడ్ డిటర్జెంట్, అంతకు మించి వద్దు. నురగ ఎక్కువైతే కడగడానికి బకెట్లు సరిపోవు, పోగుల్లో మిగిలిన సబ్బు జిగటగా మారి వారంలోనే మళ్లీ దుమ్ము పట్టిస్తుంది. పైపైన తడిపి, పోగుల వాలుకు అటూ ఇటూ బ్రష్షుతో రుద్ది, ఐదు నిమిషాలాగి, కిందికి కారే నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. పిండకండి, మడవకండి, వెనక పూత పగులుతుంది. అదే కారణానికి రబ్బరు అడుగు ఉన్నవాటిని వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. పిట్టగోడకు ఏటవాలుగా ఆనించి నీళ్లు ఓడ్చాక, గాలి తగిలే నీడలో తాడు మీద వేలాడదీయండి. తడి పీల్చే వాక్యూమ్ ఉంటే దానితో రెండు సార్లు లాగితే ఆరే సమయం సగానికి పడిపోతుంది.

ఆరిందో లేదో చేత్తో తడిమితే తెలియదు. పొడి టిష్యూ పేపర్ వేసి దాని మీద నిమిషం నిలబడండి. పేపర్ చెమ్మగిల్లితే మరో పూట ఆగాల్సిందే.

పాలు, పెరుగు, వాంతి పడ్డ చోట వేడినీళ్లు పోయకండి. మాంసకృత్తులు గడ్డకట్టి పోగులకు అతుక్కుంటాయి. గట్టిగా ఉన్నది చెంచాతో తీసేసి, చన్నీళ్లతో అద్ది, ఎంజైమ్ క్లీనర్ వేసి సీసా మీద చెప్పినంతసేపు తడిగా ఉంచాలి. చివరగా పూర్తిగా ఆరాక వంట సోడా నాలుగు చెంచాలు చల్లి రాత్రంతా వదిలి, పొద్దున వాక్యూమ్ చేస్తే మిగిలిన వాసన తగ్గుతుంది. తడి మీద సోడా చల్లితే గడ్డకట్టి అదో కొత్త మరక అవుతుంది. చూయింగ్ గమ్ అంటితే ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలు పెట్టి పది నిమిషాలు అదిమి, గట్టిపడ్డాక పెచ్చులుగా తీయండి.

నూడిల్ మ్యాట్లు

సన్నటి పీవీసీ తీగలు చుట్టలుగా అల్లినట్టుండే ఈ మ్యాటు రోజూ శుభ్రంగా కనిపిస్తుంది. అదే దీని గొప్ప, అదే దీని మోసం. ఇసుక, బిస్కెట్ పొడి, మరమరాలు అన్నీ లోపలికి దిగి కనబడకుండా ఉండిపోతాయి. పిల్లలు తినే కారులో అయితే నెల తిరిగేసరికి చీమలు దారి కనుక్కుంటాయి.

వాక్యూమ్ ఇక్కడ సగం పనే చేస్తుంది. మ్యాటును బయటికి తీసి బోర్లించి, వీపు మీద కర్రతో గట్టిగా ఇరవై దెబ్బలు వేయండి, రాలిన ఇసుక చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాత బోర్లించే ఉంచి, కింద పొర లేని రకానికైతే వెనక నుంచే నీళ్లు కొట్టండి. మురికి వచ్చిన దారినే పోతుంది. ప్రెషర్ పైపును కనీసం ఒక అడుగు దూరంలో ఉంచాలి, దగ్గరగా పెడితే తీగలు ఊడతాయి. వేడినీళ్లు తగిలితే తీగలు చతికిలబడతాయి, కాబట్టి మామూలు నీళ్లే. డ్రైవర్ మడమ ఆనే చోట ఎలాగూ ముందుగా అణిగిపోతుంది, అక్కడ అదనపు పట్టీ ఉన్నదే కొనండి.

కింద పొర ఉన్నదా లేనిదా అన్న ఎంపికలో మాకైతే పొర ఉన్నదే నయం. పొర లేనిది త్వరగా ఆరుతుంది, నిజమే. కానీ దాన్ని దాటిన నీళ్లన్నీ మీ నేల కార్పెట్‌వే.

7డి లెదరెట్

ఇప్పుడు ఎక్కువమంది తర్జనభర్జన పడేది దీని దగ్గరే. పైన లెదరెట్, మధ్యలో స్పాంజి, అడుగున గుడ్డ పొర. నేల మొత్తం, సీటు పట్టాల దాకా, పక్క గోడల దాకా కప్పేస్తుంది. పైన నూడిల్‌దో గడ్డి లాంటిదో ఒక ముక్క వెల్క్రోతో అతికి ఉంటుంది. కారు లోపల ఒక్కసారిగా ఖరీదైన కళ వస్తుంది, అందులో సందేహం లేదు. పొడి దుమ్ము ఉన్న ఊళ్లో, చెప్పులకు బురద అంటని ఆఫీసు ప్రయాణాలకు ఇది బాగానే ఉంటుంది. తడిగుడ్డతో రెండు నిమిషాల్లో తుడిచేయొచ్చు.

‘కిందికి చుక్క నీరు పోదు’ అని అమ్ముతారు. చుక్క పోతుంది, కుట్ల సూది రంధ్రాల్లోంచి, ముక్కలు కలిసే అంచుల్లోంచి. పోయిన చుక్క తిరిగి రాదు, ఎందుకంటే పైన లెదరెట్ ఆవిరిని బయటికి వదలదు. ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయి నేల తడిసినా పైకి ఏమీ కనబడదు. ముక్కిన వాసన వచ్చేసరికి కింద బూజు కట్టి ఉంటుంది.

వేయించుకునే రోజే దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొన్ని కార్లలో ముందు సీట్ల కింద వెనకవాళ్లకు గాలి వచ్చే రంధ్రాలుంటాయి, వాటిని మ్యాటు మూయకూడదు. సీటు పట్టాలు చివరిదాకా జరగాలి. పెట్రోల్ మూత లివర్ నేల దగ్గర ఉంటే అది పూర్తిగా లేవాలి. కంపెనీ హుక్కును కప్పేసి పైన మరో మ్యాటు పడేస్తే ఒప్పుకోకండి.

శుభ్రం చేసేటప్పుడు దీని మీద పైపు పెట్టనే కూడదు. పై ముక్కను ఊడదీసి బయట కడిగి ఆరబెట్టండి. లెదరెట్‌ను వాక్యూమ్ చేసి, లీటరు నీటికి ఒక చెంచా షాంపూ కలిపి, గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. కుట్ల మీద పాత పళ్ల బ్రష్షు వాడి, మంచినీటి గుడ్డతో మరోసారి, పొడి గుడ్డతో చివరిసారి. శానిటైజర్, స్పిరిట్ తగిలితే మెరుపు పోయి పగుళ్లు వస్తాయి. వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి, నాలుగు వైపులా అంచు ఎత్తి చేయి లోపలికి పెట్టి చూడాలి. ఈ ఒక్క పని చేయలేమనుకుంటే 7డి వేయించుకోకండి.

స్పాంజి తడిసిందని తేలితే తుడిచి వదిలేయకండి. మ్యాటు పూర్తిగా తీసి, నిలువుగా పెట్టి ఫ్యాన్ కింద ఒక రోజైనా ఆరనివ్వాలి. నేల కార్పెట్‌ను టవళ్లతో అదిమి, తలుపులు తెరిచి ఫ్యాన్ పెట్టాలి. బూజు కనిపిస్తే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి. వెనిగర్‌తో బ్లీచ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

తడి ఎక్కడిది?

వాన లేకున్నా ముందు ఎడమ వైపు నేల తడిగా ఉంటే మ్యాటును తిట్టుకోకండి. మన దేశపు కార్లలో చాలావాటికి ఏసీ కాయిల్ ఆ వైపు డాష్‌బోర్డు వెనకే ఉంటుంది, నీళ్లు పోయే గొట్టం మూసుకుంటే లోపలికి కారుతుంది. ఏసీ వేసి పావుగంట నిలిపినా కారు కింద చుక్కలు పడకపోతే అదే కారణం కావొచ్చు. నీళ్లు జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కావొచ్చు, ఆలస్యం చేయకుండా వర్క్‌షాప్‌కు తీసుకెళ్లాలి. వాన తర్వాతే తడుస్తుంటే ముందు అద్దం కింద జాలీలో పేరుకున్న ఆకులు, తలుపు రబ్బర్లు, సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలు చూడండి.

ఎవరికి ఏది

పొలం, సైటు పనుల మీద తిరిగేవాళ్లకు రబ్బరు. ఇంకో ఆలోచన అక్కర్లేదు. టాక్సీ నడిపేవాళ్లకూ అదే, రెండు సెట్లు ఉంటే ఒకటి ఆరేలోగా ఇంకొకటి వేసుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో టీపీఈ ట్రే. విశాఖ బీచ్‌కు తరచూ వెళ్లేవాళ్లకూ ట్రేనే మేలు, నూడిల్‌లో చిక్కిన ఇసుక ఒక పట్టాన వదలదు. పెంపుడు కుక్క ఉంటే కార్పెట్, నూడిల్ రెండూ వద్దు. వెంట్రుకలు పోగుల్లో అల్లుకుపోతాయి.

అపార్ట్‌మెంట్‌లో కడిగే చోటు లేనివాళ్లు కాస్త చిక్కులో పడతారు. తుడిస్తే చాలన్న ఆశతో వాళ్లే 7డి వైపు ఎక్కువ మొగ్గుతారు. ట్రే కూడా తుడిస్తే చాలు, బాత్‌రూమ్‌లో షవర్ కింద కూడా కడగొచ్చు, బాల్కనీలో ఆరుతుంది. అందం తప్ప 7డి అదనంగా ఇచ్చేదేమీ లేదు. అందమే ముఖ్యమైతే, అంచు ఎత్తి చూసే ఓపిక ఉంటే, తప్పకుండా వేసుకోండి.

ఖర్చు సంగతి చివరికి ఉంచాం. సాధారణంగా మామూలు రబ్బరు సెట్టు అన్నిటికంటే చవక, 7డి అన్నిటికంటే ఖరీదు, నూడిల్, ట్రే మధ్యలో ఉంటాయి. 7డి డబ్బుతో మోడల్‌కు సరిపోయే ట్రే, ఎండాకాలానికి కార్పెట్ సెట్టు రెండూ కొన్నిసార్లు వచ్చేస్తాయి.

ఎప్పుడు పారేయాలి

హుక్కు రంధ్రం సాగిపోయి మ్యాటు ముందుకు జరుగుతుంటే, మడమ దగ్గర చిరిగి చెప్పు ఇరుక్కుంటుంటే, అంచు పెడళ్ల వైపు చుట్టుకుంటుంటే శుభ్రత గురించి ఆలోచించడం అనవసరం, మార్చేయండి. రెండుసార్లు ఉతికి పూర్తిగా ఆరబెట్టినా వాసన పోని కార్పెట్ కూడా అంతే.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలోనూ వచ్చినట్టు వరద నీరు కారులోకి వస్తే లెక్క వేరు. అది మురుగు కలిసిన నీరు. రబ్బరు, ట్రే మ్యాట్లను సబ్బుతో కడిగి, డిస్‌ఇన్ఫెక్టెంట్‌తో తుడిచి వాడుకోవచ్చు. కార్పెట్, 7డి, అడుగున స్పాంజి పొర ఉన్న నూడిల్ మ్యాట్లను దాచుకోకండి. బీమా క్లెయిమ్ కోసం ఫొటోలు తీసుకున్నాకే బయట పడేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించి, సీట్లు విప్పించి నేల కార్పెట్‌ను పూర్తిగా లేపి ఆరబెట్టించాలి. కింది ఫెల్ట్ మురుగు నీటిలో నానితే దాన్నీ మార్పించాలి. అదంతా ఆరి, వైర్ల కనెక్టర్లు చూపించుకున్నాకే కొత్త మ్యాట్లు కొనండి.